సరుగుడు తోట దగ్గర చప్పట్లు

గిద్దలూరు పైనున్న గూడెంలో ఈశ్వరి జిగురు, కుంకుళ్లు ఏరి బతుకుతుంది. మార్కాపురంలో కేథరిన్ టీచరు నడిపే పక్షుల బృందానికి నల్లమలలో దారి చూపే మనిషి కావాల్సి వచ్చింది. ముందు ఈశ్వరి పనితీరు చూద్దామని, అక్టోబరులో వలస పిట్టల కోసం కొత్తపట్నం తీరానికి పోతూ ఆమెనూ వ్యానెక్కించుకున్నారు. ఆ పని ఎలాగైనా దొరకాలని ఈశ్వరి ఆశ.

తెల్లవారాక సరుగుడు తోట అవతల, తడి ఇసుక మీద ఉల్లంకి పిట్టలు మేస్తున్నాయి. ముందు నడుస్తున్న ఈశ్వరి తోట మొదట్లో ఆగి, అలవాటు కొద్దీ గట్టిగా చప్పట్లు కొట్టి కేకేసింది. గుంపంతా ఒక్కసారిగా లేచిపోయింది.

కెమెరా సర్దుకుంటున్న సంజీవ్ తల పట్టుకున్నాడు. "ఏందక్కా ఇది? ఇంత దూరం వచ్చింది దీనికేనా?"

"చెట్లల్లో ఎలుగ్గొడ్డు ఉంటే పక్కకు పోతాదని, నాయనా. అడవిలో మేం అట్లనే పోతాం."

"సముద్రం కాడ ఎలుగ్గొడ్డేందక్కా? ఈతకొచ్చిందా?"

అందరూ నవ్వారు. పని పోయినట్టేననుకుంది ఈశ్వరి.

కేథరిన్ సంజీవ్ వైపు తిరిగింది. "వచ్చే నెల అడవిలో నీ ముందు ఎవరు నడవాల?"

సంజీవ్ నవ్వు ఆపాడు. "అక్కే నడవాల."

"ఈడ మాత్రం నా ఎనక రా, ఈశ్వరీ," అంది కేథరిన్.

తోట అంచున కూర్చుని అందరూ ఎదురుచూశారు. చాలాసేపటికి పిట్టలు మళ్లీ వాలాయి. సంజీవ్ కెమెరా ఎత్తి, ఎందుకైనా మంచిదని ఈశ్వరి వైపు చూశాడు.

"కొట్టన్లే నాయనా, తీసుకో," అందామె మెల్లగా.