కింద నుంచి పలికే మనిషి

1996 నవంబరు. అమలాపురానికి దిగువన, సముద్రానికి దగ్గరగా మా ఊరు. నాకప్పటికి యాభై దగ్గర పడుతోంది. కొబ్బరి దింపు నా పని. దింపు అంటే చెట్టెక్కి, ముదిరిన గెలలు కోసి కింద పడెయ్యడం. నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి ప్రతి తోటా దింపాలి. నలభై దాటాక రాత్రి బడికి పోయి నాలుగక్షరాలు నేర్చుకున్నానని మా దింపు కార్మికుల సంఘానికి నన్ను కార్యదర్శిని చేశారు. అంతకు ముందు మీటింగుల్లో వెనక కూచుని అరవడమే నా పని.

ఆ తుఫాను గురించి చాలామంది రాశారు. నేను ఒక్క ముక్క చెబుతాను. తెల్లారి మా గుమ్మంలో నిలబడితే సముద్రం కనబడింది. పుట్టి బుద్ధెరిగాక మా ఇంటి దగ్గర సముద్రం హోరు వినడమే గాని చూసింది లేదు. అడ్డంగా తోటలుండేవి. ఆ పొద్దున అడ్డం ఏమీ లేదు. నిలబడి ఉన్న కాసిని చెట్లకీ మొవ్వు మెలితిరిగిపోయింది. మొవ్వంటే చెట్టు నడినెత్తిన ఉండే లేత చిగురు. అది పోతే చెట్టు నిలబడే చస్తుంది. కొత్త మొక్క పెడితే కాపుకి ఆరేడేళ్లు ఆగాలి. ఆరేడేళ్లు ఎవడి కడుపు ఆగుతుంది?

మనుషులూ పోయారు. మా సంఘంలో సత్తిబాబని ఒకతను. చేతిలో కత్తి ఉంటే చాలు, ఇంకేమీ అడగని మనిషి. వాళ్ల పాక మీద చెట్టు పడి భార్య మంగ పోయింది. ముసలి తల్లీ, చిన్న కూతురూ మిగిలారు. అదే గాలికి సూర్యకాంతం అనే ఆమె మొగుడు గోడ కూలి మీద పడి పోయాడు. అతనూ మా సభ్యుడే; అతను దింపితే ఆవిడ కింద కాయలేరేది. ఈ ఇద్దరి గురించే నేను రాస్తున్నది.

మొదట్లో పని దొరికింది. పడ్డ చెట్లు నరకాలి, దారులు తియ్యాలి. అది అయిపోయాక చేతులు ముడుచుకుని కూచున్నాం. ప్రభుత్వం బియ్యం ఇచ్చింది, కాదనను. రైతులకి నష్టం కట్టడానికి పోయిన చెట్లు రాసుకున్నారు. చెట్టు రైతుది. ఎక్కేవాడికి ఏం పోయిందని రాస్తారు? వాడికి మొదటినుంచీ ఏమీ లేదు.

అందుకని సంఘం ఒక మాట అనుకుంది. గోదావరికి అవతల పాలకొల్లు వైపు తోటలు నిలబడే ఉన్నాయి. అక్కడా దింపువాళ్లకి సంఘముంది. వాళ్లని అడుగుదామని. అడగడానికి నన్ను పంపారు. సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటెక్కి నరసాపురం దిగి, అక్కణ్ణుంచి బస్సులో వెళ్లాను.

వాళ్ల పెద్ద సుబ్బారావు గారు. నాకంటే పెద్దవాడు, నాకంటే మొరటు. మనుషుల్ని పోగేసి సూటిగా చెప్పేశాడు.

"ఈ ఒక్క దింపు మీ తోటలు ఆ ఒడ్డు వాళ్లకి వదలండి. ఎక్కేది వాళ్లు, కూలీ వాళ్లది."

తేలిక మాట కాదది. ఏ తోట దింపే వాడికి ఆ తోట వాడిదే. తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. ఇంకొకడు ఎక్కితే కత్తులు లేస్తాయి. ఒకతను లేచాడు.

"ఇయ్యాళ చెట్టెక్కుతారు, రేపు మా కంచంలో చెయ్యెడతారేంటండీ?"

"పెట్టనీరా. నీ కంచంలో ఏవుందని? నిన్నటి పులుసేగా!" అన్నాడు సుబ్బారావు గారు.

అందరూ నవ్వారు. ఆ నవ్వులో పని అయిపోయింది. ఒక్క షరతు పెట్టారు. మా వాడు ఎక్కినప్పుడు ఆ తోట అలవాటున్న వాడు కింద నిలబడి ఏ చెట్టు గుణమేంటో చెప్పాలి. కొత్త చెట్టు ఎక్కడం అంటే కొత్త ఎద్దుని పట్టుకోవడమే. మంచి షరతు. నేనూ సుబ్బారావు గారూ మాకు తెలిసిందంతా ఆలోచించామనే అనుకున్నాం.

మా వాళ్లని తీసుకుని వెళ్లాను. సత్తిబాబుకి రాంబాబు అనే కుర్రాడు దింపే తోట ఇచ్చారు. కాయలేరడానికి రాంబాబు భార్య లక్ష్మి గంప పట్టుకుని వచ్చింది. సత్తిబాబు కాళ్లకి తాడు తగిలించి ఎక్కుతున్నాడు. రాంబాబు కింద నుంచి చెబుతున్నాడు.

"నడిమి దాకా ఏం బెంగలేదు బావా! పైన వడ్రంగిపిట్ట తొర్రుంది, అందులో ఎడం చెయ్యెట్టకు!"

సత్తిబాబు మట్టల్లోకి చేరాడు. గెల పట్టుకున్నాడు. కత్తి తీశాడు. ఆగిపోయాడు.

ఇక్కడ మా పనిలో ఉన్న ఒక కట్టుబాటు చెప్పాలి. పైవాడు గెల మీద కత్తి పెట్టే ముందు కింద కాయలేరే మనిషిని పేరుతో పిలవాలి. ఆ మనిషి "ఆఁ" అని పలకాలి. పలికిందంటే పక్కకి తప్పుకుందని లెక్క. గెల నెత్తిన పడితే మనిషి మిగలదు. అందుకే పలుకు వినబడకుండా కొయ్యడం మాలో మహా తప్పు. కింద ఉండేది చాలామందికి పెళ్లామే. సత్తిబాబు పెళ్లైన నాటి నుంచీ చెట్టు మీద పిలిచింది ఒకటే పేరు.

"ఏం బావా, అక్కడే కాపురం పెట్టేశావా?" అని రాంబాబు నవ్వాడు.

పై నుంచి పిలుపు వచ్చింది.

"మంగా!"

గట్టిగా, మామూలుగా, రోజూ పిలిచినట్టే. అలవాటుగా వచ్చేసింది నోట్లోంచి. మట్టలు గాలికి కదులుతున్నాయి.

"మంగెవరండి?" అని రాంబాబు నన్నడిగాడు. నేను చెప్పాను. అతని మొహంలో నవ్వు చచ్చిపోయింది.

"కొయ్యి సత్తిబాబూ! అందరం తప్పుకున్నాం!" అని నేను అరిచాను.

కొయ్యలేదు. మళ్లీ పిలిచాడు, ఈసారి నెమ్మదిగా. పలకదని తెలిసీ పిలిచాడు. గెల వదిలేసి, మట్టల్లోంచి కిందకి వంగి చూస్తున్నాడు. అంత ఎత్తున అలా వంగితే మనిషి దక్కడు. రాంబాబు తాడు తెచ్చుకోడానికి పరిగెత్తాడు, ఎక్కి దింపుదామని.

లక్ష్మి గంప కింద పెట్టింది. చెట్టుకి కాస్త ఎడంగా, పైవాడికి కనబడేలా నిలబడింది.

"అన్నా! నేను లక్ష్మిని. ఇక్కడున్నాను. నా పేరెట్టి పిలు, పలుకుతాను."

మంగ లాగా పలికి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆ పిల్ల తన పేరే చెప్పింది. మళ్లీ పై నుంచి పిలుపు వచ్చింది.

"లచ్చిమ్మా!"

"ఆఁ!"

గెల పడింది.

ఆ చెట్టు దింపి, ఇంకో చెట్టు దింపి, మూడోదానికి రాకుండా సత్తిబాబు నీళ్లు పారే బోదె గట్టు మీద కూలబడ్డాడు. నేను వెళ్లి పక్కన కూచున్నాను.

"పేరు మార్చేశానండి," అన్నాడు. "చెట్టు పడ్డ నాడు పోలేదండి మంగ. ఇదిగో, ఇప్పుడు పోయింది. నా నోటితోనే పంపించేశాను."

"పిల్లకి బియ్యం కొనాలి సత్తిబాబూ," అన్నాను. ఓదార్చడం నాకు చేతకాదు.

కళ్లు తుడుచుకుని లేచాడు. ఆ దింపంతా చేశాడు. తన ఇంటికి గింజలు సంపాదించాడు.

తిరిగొచ్చేటప్పుడు పంటు మీద, రేవు దగ్గర పడుతుంటే, సత్తిబాబు నన్నడిగాడు.

"సూర్యకాంతాన్ని ఎందుకు తేలేదండి?"

"ఆవిడ సభ్యురాలు కాదు కదరా. మొగుడు సభ్యుడు. మొగుడు లేడు."

"పలికేవాళ్లు లేకపోతే పైవాడికి పని లేదని చూశారు కదండీ. పిలిచేవాడు పోయినావిడ మాటేంటి? నాకు లక్ష్మినిచ్చారు. ఆవిడికి ఎవర్నిచ్చారు?"

మా సంఘంలో చెట్టెక్కేవాళ్ల పేర్లే ఉండేవి. ఏరే ఆడవాళ్లని ఎప్పుడూ చేర్చుకోలేదు. చేర్చుకోవాలని ఎవరికీ తోచలేదు. వాళ్ల కూలీ మొగుడి కూలీలోనే కలిసొచ్చేది. మొగుడు పోతే కూలీ పోయింది, సంఘమూ పోయింది.

ఊరికి రాగానే మీటింగులో ఆ మాట పెట్టాను. సత్తిబాబు నా పక్కన నిలబడ్డాడు.

"చెట్టెక్కని వాళ్లకి మన సంఘమేంటెహె?" అన్నాడొకడు.

"రేపు వంట చేసేవాళ్లనీ చేర్చమంటారా?" అన్నాడు ఇంకొకడు. నవ్వులు. పాలకొల్లులో నవ్వుతో పని అయింది. మా ఊళ్లో నవ్వుతో పని చెడింది. సుబ్బారావు గారు ఇంకో దింపు కూడా ఇప్పించాడు; దానికి ఆ ఒడ్డుకి వెళ్లినప్పుడూ మగవాళ్లమే వెళ్లాం. సూర్యకాంతం పంటు దాకా వచ్చి, "నేనూ ఏరతానండి, చూడండి" అని అడిగింది. చూద్దామన్నారు. చూడలేదు.

ఏడాది దాటాక, నసిగి నసిగి, కాయలేరే వాళ్లని సభ్యులుగా చేర్చుకోవాలని తీర్మానం చేశాం. ఆ సంగతి చెప్పడానికి నేనే సూర్యకాంతం వాళ్లింటికి వెళ్లాను. వాళ్లత్త గుమ్మంలో కూచుని ఉంది.

"కువైట్ వెళ్లిపోయింది బాబూ. షేకుల ఇంట్లో పనికి. పిల్లలు నా దగ్గరే ఉన్నారు," అంది. "ఏంటి పని?"

ఏం లేదు అని వచ్చేశాను.

తర్వాత ఎన్నో గాలులొచ్చాయి, వరదలొచ్చాయి. సాయం చేసే పనిలో తిరిగాను. ఏ ఇంటికి వెళ్లినా ఏం పోయిందని నేను ముందు అడగను. నువ్వు ఎవరితో కలిసి పని చేస్తావని అడుగుతాను. మనుషులు జంటలుగా, జట్లుగా బతుకుతారు. మేము ఒంటి మనుషుల్ని లెక్కపెట్టి సాయం చేశామనుకున్నాం. సంఘమంటే ఎవరెవరో గాలి రాకముందే తేల్చుకోవాలి. వచ్చాక కూచుని తేల్చుకుంటే, మనం తేల్చేసరికి వాళ్లు ఊళ్లో ఉండరు.