ఎవరికీ చెప్పకూడని ఆరంకెలు

ఈ మధ్య ఎవరికి ఫోన్ చేసినా ముందుగా ఒకమ్మాయి మాట్లాడుతోంది. రికార్డు చేసిన అమ్మాయి. మీ ఓటీపీ ఎవరికీ చెప్పకండి, తెలియనివాళ్లు పంపిన లింకులు నొక్కకండి అని హితవు చెబుతుంది. ఆమె చెప్పదలచుకున్నది పూర్తయితే గానీ అవతల రింగు మోగదు. ఆ అమ్మాయి మీద నాకు వ్యక్తిగతంగా కోపమేమీ లేదు. రేపు పాలు వద్దని పాలవాడికి చెప్పడానికి కూడా ఇంత జాగ్రత్త అవసరమా అన్నదే నా సందేహం. మా ఇంట్లో ఆమె మాట శ్రద్ధగా విన్న మనిషి ఒక్కరే. మా అమ్మ.

మాది భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డున ఊరు. అమ్మ ఎండుచేపల వ్యాపారం చేస్తుంది. ఒడ్డున కొన్న నెత్తళ్లు, కవళ్లు గోనెల్లో కట్టి, మరో నలుగురు ఆడవాళ్లతో కలిసి ఆటోలో వేసుకుని సంతలకి వెళ్తుంది. చదువు లేదు. చేతిలో చిన్న బటన్ల ఫోను. అందులో ఉన్న నంబరు నిజానికి మా చెల్లెలిది. చదువుకునే రోజుల్లో తీసుకుంది, బ్యాంకులో ఖాతా తెరిచినప్పుడు అదే ఇచ్చింది. తర్వాత కొత్త నంబరు తీసుకుని పాతది అమ్మ ఫోన్లో వేసింది. సంతల్లో వ్యాపారులందరికీ అదే అమ్మ నంబరైంది. బ్యాంకు వాళ్ల దృష్టిలో మాత్రం అది ఇంకా చెల్లెలిదే. చెల్లెలు విజయనగరంలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తూ రోజూ ఇంటికొచ్చేది కాబట్టి ఇబ్బంది తెలియలేదు. బ్యాంకు సందేశం వస్తే అమ్మ ఫోను లాక్కుని చూసుకునేది. ఆ నంబరు మార్పించుకోవాలని అందరం అనుకున్నాం. అనుకోవడంలో మా కుటుంబానికి మంచి పేరుంది.

ఈ ఏడు చలి మొదట్లో చెల్లెలు జర్మనీ వెళ్లింది. ఆసుపత్రి ఉద్యోగం. వెళ్లేముందు ఆమె తయారు చేసుకున్న ఫైలు చూస్తే మా కాలేజీ ప్రిన్సిపాలు కూడా లేచి నిలబడేవాడు. పుట్టిన తేదీ పత్రం, దానికి అనువాదం, ఆ అనువాదం అబద్ధం కాదని ఇంకో పత్రం. డబ్బు కోసం విదేశాల్లో వాడే ఫారెక్స్ కార్డు. తాను కూడబెట్టిన జీతమంతా అందులో వేసుకుంది, అమ్మ అమ్మిన కవళ్లు కూడా కొన్ని అందులో ఉన్నాయి. ఆ కార్డుతో ఆన్‌లైన్లో ఏం కట్టాలన్నా బ్యాంకు ఆరంకెల ఓటీపీ పంపుతుందనీ, అది పాత నంబరుకే వస్తుందనీ విమానం ఎక్కేదాకా ఎవరికీ గుర్తు రాలేదు.

అక్కడి పద్ధతి చెల్లెలు నాకు ఫోన్లో వివరించింది. జీతం పడాలంటే అక్కడి బ్యాంకులో ఖాతా ఉండాలి. ఖాతా తెరవాలంటే ఫలానా ఇంట్లో ఉంటున్నానని టౌను ఆఫీసులో నమోదై ఉండాలి. నమోదుకి ఇంటి యజమాని సంతకం పెట్టిన కాగితం కావాలి. యజమాని సంతకం పెట్టాలంటే ముందు అడ్వాన్సు కట్టాలి. అడ్వాన్సు కట్టడానికి అక్కడి బ్యాంకు ఖాతా ఉంటే చాలా సులువట.

ఉద్యోగం ఇప్పించిన ఏజెన్సీ వాళ్లు ఇచ్చిన హాస్టలు గడువు ఆ వారంతో అయిపోతోంది. ఆసుపత్రి ఉన్న ఊరు హాస్టలుకి రైల్లో నాలుగైదు గంటల దూరం. అక్కడ గది దొరకడం లేదు. రాసిన ప్రతి ఉత్తరానికీ మర్యాదగా కాదని జవాబొచ్చింది. చివరికి ఒకతను గది ఇస్తానన్నాడు. ఫోటోలు పంపాడు. చెల్లెలు నాకు పంపింది. తెల్ల పరదా, కిటికీ బయట మంచు. మా స్టాఫ్‌రూములో అందరం చూసి పరదా బాగుందని తేల్చాం. తనని ఇంకా ఇద్దరు అడుగుతున్నారనీ, మూడు నెలల అద్దె అడ్వాన్సు మధ్యాహ్నంలోగా కట్టినవాళ్లకే గది అనీ చెప్పి, కట్టడానికి ఒక లింకు కూడా పంపాడు. అక్కడ మధ్యాహ్నం అంటే మనకి సాయంత్రం నాలుగున్నర.

చెల్లెలు నాకు ఈ సంగతి చెప్పేసరికి రెండు దాటింది. నేను విజయనగరంలో, మా కాలేజీలో క్లాసు చెబుతున్నాను. గది పోతే సంతకం లేదు, సంతకం లేకపోతే నమోదు లేదు, నమోదు లేకపోతే ఉద్యోగం మొదలయ్యే తేదీ వెనక్కి పోతుంది, అప్పటిదాకా ఉండడానికి హాస్టలు కూడా లేదు. ఇదంతా ఆమె ఏడవకుండా చెప్పింది. మా చెల్లెలు ఏడిస్తే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది.

పని తేలికే అనిపించింది. తను అక్కడ బటన్ నొక్కుతుంది, ఇక్కడ అమ్మ ఫోనుకి అంకెలు వస్తాయి, నేను అమ్మకి ఫోన్ చేసి అడుగుతాను. అమ్మకి అక్షరాలు రావు గానీ ఫోను మీది అంకెలు వచ్చు. నేను చెల్లెలికి చెబుతాను. పిల్లల్ని చదువుకోమని చెప్పి వరండాలోకొచ్చాను.

అమ్మ గజపతినగరం సంతలో ఉంది. రికార్డు అమ్మాయి తన హితవు చెప్పింది. తర్వాత అమ్మ ఎత్తింది. చుట్టూ సంత గోల. నేను సంగతి చెప్పి, ఇప్పుడు ఆరంకెలు వచ్చుంటాయి, చదవమన్నాను.

 అమ్మ నెమ్మదిగా అంది.

"నాను సెప్పను."

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. మా వీధిలో ఒకాయన, వల కొనడానికి దాచుకున్న డబ్బు, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామన్న వాళ్లకి అంకెలు చెప్పి పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచి అమ్మకి శిక్షణ ఇచ్చే బాధ్యత నేను తీసుకున్నాను. చదువుకున్నవాణ్ని, పైగా వృత్తి అదే. స్నేహితుడి ఫోన్లోంచి గొంతు మార్చి బ్యాంకు మేనేజర్నని అడిగాను. అమ్మ చెప్పలేదు. సంతోషించాను. ఇంకోసారి గొంతు మార్చకుండా నేనే అడిగాను. కొడుకునే కదా అని చెప్పేసింది. ఆ రోజు ఇంటికెళ్లి క్లాసు పీకాను. నా గొంతు దొంగిలించి మాట్లాడే యంత్రాలు వచ్చాయని, కొడుకు అడిగినా కూతురు అడిగినా ఫోన్లో చెప్పొద్దని, విదేశీ నంబర్లయితే అసలు ఎత్తొద్దని. అమ్మ వేలు గడ్డం కింద పెట్టుకుని విన్నది. నా విద్యార్థుల్లో అలా విన్నవాళ్లు నాకు గుర్తు లేరు.

ఆ సంగతే ఇప్పుడు నాకు తిరిగి అప్పజెబుతోంది. నేను నీ కొడుకునే అన్నాను. అందరూ అలాగే అంటారట. చిన్నప్పుడు ఉప్పు తొట్టిలో పడ్డాను, నువ్వే తీశావు అన్నాను. అది ఊరందరికీ తెలుసంది. చెల్లెలి గది సంగతి చెబితే, ఇలాగే ఏడుపు కథ చెప్పి అడుగుతారని మా కొడుకు ముందే చెప్పాడంది. మా కొడుకు అంటున్నప్పుడు ఆమె గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. నాతో మాట్లాడుతూ నా గురించే.

ఈలోగా అంకెల గడువు అయిపోయింది. చెల్లెలు మళ్లీ నొక్కింది. తనే నేరుగా అమ్మకి ఫోన్ చేసింది. జర్మనీ నంబరు. అమ్మ ఎత్తలేదు. రెండోసారి మోగితే కట్ చేసింది. మూడోసారికి మొత్తం ఫోనే ఆపేసింది. రెండో గడువు కూడా అలా పోయింది. ఇంకొక్కసారి తప్పితే కార్డు ఆ రోజుకి పనిచేయదని తెర మీద రాసి ఉందని చెల్లెలు చెప్పింది. ఇంక నొక్కకు, నేను చెప్పేదాకా దాన్ని ముట్టుకోకు అన్నాను.

బ్యాంకుకి ఫోన్ చేశాను. నంబరు మార్చాలంటే ఖాతాదారు స్వయంగా బ్రాంచికి రావాలన్నారు. ఆమె జర్మనీలో ఉందన్నాను. అయితే వచ్చినప్పుడు రమ్మనండి అన్నారు.

అమ్మ పక్కన కూర్చుని అమ్మే పిన్ని నంబరు నా దగ్గర ఉంది. ఆమెకి చేసి, అమ్మ ఫోను ఆన్ చేయించి చూడమని బతిమాలాను. పిన్ని అడిగింది. అమ్మ జవాబు నాకూ వినబడింది.

"నీకూ పోన్ సేసేసినాడేటే? సూసినావా, నీ నంబరు కూడా దొరికేసినాది ఆళ్లకి. ఆపీ, ఆపీ."

పిన్ని భయపడి పెట్టేసింది.

అప్పటికి మూడు. బండి తీశాను. విజయనగరం నుంచి గజపతినగరం మామూలుగా మంచి దారే. ఆ రోజు దాని మీద లారీలన్నీ పెళ్లివారిలా వరసగా, తీరుబడిగా వెళ్తున్నాయి. ఒక ట్రాక్టరు వెనకాల చెరుకు గడలు మొహానికి తగులుతుంటే చాలాసేపు వెళ్లాను. జేబులో ఫోను వణికినప్పుడల్లా గది వేరేవాళ్లకి పోయిందేమో అనుకునేవాణ్ని. బొండపల్లి దగ్గర ఆపి చూశాను. యజమాని మళ్లీ గుర్తు చేశాడట. ఇద్దరిలో ఒకరు డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్నారట. చెల్లెలు ఒక్కటే మాట రాసింది: ఎక్కడ? నేను జవాబు రాసే టైము కూడా తీసుకోలేదు.

సంతకి చేరేసరికి నాలుగు. బండి ఎక్కడ పెట్టానో నాకే తెలియకుండా పెట్టి, ఉల్లిపాయల మధ్య నుంచి, మేకల మధ్య నుంచి పరుగెత్తాను. ఎండుచేపల వరసకి వాసనే దారి చూపించింది. అమ్మ గోనె మీద కూర్చుని ఎవరికో నెత్తళ్లు దోసిలితో కొసరు వేస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కొన్నావిడని పంపేదాకా ఆగమని చెయ్యి చూపించింది. తర్వాత నన్ను కింద నుంచి పైకి చూసింది. చొక్కాకి చెరుకు ఆకులు అంటుకుని ఉన్నాయి.

"నువ్వేనా మరి పోన్ సేసినావు?"

నేనే అన్నాను.

"గొంతు నీదిలాగే ఉన్నాది. అందుకే నమ్మలేదు."

రొంటిన దోపుకున్న ఫోను తీసి, చీర కొంగుతో ఒకసారి తుడిచి నా చేతిలో పెట్టింది. ఆన్ చేశాను. అది తన కంపెనీ పాట మొత్తం పాడి, తెర మీద రెండు చేతులు కలిపి, పువ్వు విచ్చుకుని, సిగ్నలు వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఒక గీత వచ్చింది. పోయింది. నేను ఫోను పైకెత్తి నిలబడ్డాను. వరసలో ఆడవాళ్లందరూ అమ్మకాలు ఆపి చూస్తున్నారు. పిన్ని నా వైపు జాలిగా చూసి, ఎందుకమ్మా పిల్లాడ్నిలా ఏడిపిస్తావని అంది.  రెండు గీతలు నిలబడ్డాక, ఇంకో చేత్తో నా ఫోన్లో చెల్లెలికి నొక్కమని చెప్పాను.

ఏమీ రాలేదు. చెల్లెలు అవతల గడియారం చూసి చెబుతోంది, నేను వద్దంటున్నా చెబుతోంది. అప్పుడు ఫోను చిన్నగా కూసింది. ఆరంకెలు. ఒక్కో అంకె గట్టిగా చెప్పాను. చెల్లెలు తిరిగి చెప్పింది. సంత మధ్యలో నిలబడి, ఎవరికీ చెప్పకూడని అంకెలు నేను ఎండుచేపల వరసకంతా వినబడేలా చదివాను.

చెల్లెలు అంకెలు కొట్టింది. ఏదో తిరుగుతోందంది. ఆగిందంది. తర్వాత, కట్టేశానన్నయ్యా, అయిపోయింది అంది. అప్పుడు ఏడ్చింది. నేను గోనె మీద కూలబడ్డాను. కింద కవళ్లు విరిగిన చప్పుడైంది. అమ్మ వాటి ధర గురించి ఏమీ అనలేదంటే సంగతి తనకి అర్థమైందన్నమాట.

చెల్లెల్ని వీడియోలో చూపించాను. అమ్మ నా ఫోను దూరంగా పట్టుకుని, ముందు కూతురి మొహం చూసుకుంది. తిన్నావా అని అడిగింది. చలిగా ఉందా అని అడిగింది. తర్వాత గది చూపించమంది. చెల్లెలు తానింకా హాస్టల్లోనే ఉన్నానంది, గది వేరే ఊళ్లో ఉందంది. ఫోటోలు ఉన్నాయంది. నేను ఫోటో తీసి చూపించాను. తెల్ల పరదా, మంచు. బాగుంది కదా అన్నాను.

అమ్మ ఫోటో చూసింది. ఇంటాయన ఎలాంటోడు అని చెల్లెల్ని అడిగింది. మంచివాడే, మెసేజుల్లో చాలా మర్యాదగా రాస్తాడు అంది చెల్లెలు. మాట్లాడినావేటి అంది అమ్మ. లేదమ్మా, రాస్తాడు అంతే అంది. గది చూడ్డానికి ఎల్లినావేటి అంది. రైలు టిక్కెట్టు ఎక్కువ, టైము కూడా లేదంది.

అమ్మ ఫోను నాకిచ్చేసింది. గోనె మీద విరిగిన కవళ్లు ఏరి ఒక పక్కకి పెట్టింది. చెల్లెలు ఇంకా తెర మీదే ఉంది. వింటోంది.

"నువ్వు నా కొడుకువో కాదో అని నిన్ను ఇజీనారం నుంచి రప్పించి, మొకం సూసి గానీ అంకెలు ఇవ్వలేదు నాను," అంది అమ్మ. "మరి ఆ గదిగలోడి మొకం ఎవులు సూసినార్రా?"