అన్న పాత సిస్టమ్ మళ్లీ వేయించుకున్న రోజు

మొన్న పొద్దున మా అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని విసుక్కుంటోంది. కొత్త సిస్టమ్ ఎక్కించాక ఏదీ సరిగా పనిచేయడం లేదట, పాతదే మళ్లీ వేయిస్తానంది. బియ్యం చెరుగుతున్న నా చేతులు ఆగిపోయాయి. లోపలున్నవన్నీ ముందు రెండు చోట్ల దాచుకో తల్లీ అని మాత్రం అనగలిగాను. ఎందుకలా అన్నానో దానికి చెప్పలేదు. నా ఈడువాళ్లయితే ఓపిగ్గా వింటారని మీతో చెప్పుకుంటున్నాను.

కళ్యాణదుర్గం బస్టాండు దగ్గర మా అన్నకు డీటీపీ సెంటరు ఉండేది. అంగడి వెనకే ఇల్లు. చెనిక్కాయ, అదే వేరుశనగ, బాగా పండిన ఏడు పెళ్లిపత్రికలతో ఊపిరాడేది కాదు. వానలు మొహం చాటేసిన ఏడు బోర్లు వేసే బండ్లవాళ్ల కరపత్రాలే మాకింత అన్నం పెట్టేవి. అన్న టైపు కొట్టేవాడు, నేను కార్డులు మడిచి కట్టలు కట్టేదాన్ని. పోనుపోను అన్నకు చూపు మందగించి, జనం చిత్తుకాగితాల మీద గిలికి తెచ్చే రాత పోల్చుకోవడం కష్టమైంది. దానికి ఉపాయం వదినే కనిపెట్టింది. అంగడి తెరవకముందే మైకు ముందు కూర్చుని ఆ కాగితాలన్నీ చదివి కంప్యూటర్లో రికార్డు చేసేది. అన్న అది వింటూ కొట్టేవాడు. కామా, చుక్క, పక్క లైను అని చెప్పుకుంటూ పోతూ, మధ్యలో ఆగి, “ఈ పెండ్లికొడుకు పేరులో వత్తు ఉండాదో లేదో వాళ్ల నాయన్ని అడుగు, నీయంతట నువ్వు పెట్టబాకు” అని మందలించేది. వెనకాల కుక్కరు కూత, బస్సు హారను కూడా వినబడేవి.

కడుపులో గడ్డ అని బెంగుళూరుకు తీసుకుపోయిన వదిన మళ్లీ ప్రాణాలతో రాలేదు. ఆ తర్వాత అన్న భూతద్దం పెట్టుకుని తంటాలు పడుతూ కొట్టేవాడు, పని లేని పూటల్లో ఆ పాత రికార్డులు పెట్టుకుని కూర్చునేవాడు. ఎవరివో పెళ్లిళ్లు, ఎవరివో దినాలు. ఆ జంటలకు పుట్టిన పిల్లలు అప్పటికే బడికి పోతున్నారు.

కంప్యూటర్ మరీ నెమ్మదించిందని, అనంతపురం నుంచి వచ్చే మెకానిక్ ఒకసారి కొత్త సిస్టమ్ ఎక్కించాడు. అంతే, అన్న ఇన్నేళ్లుగా వాడిన తెలుగు టైపింగ్ ప్రోగ్రాం దానిలో తెరుచుకోలేదు. కొత్త పద్ధతికి ఆయన వేళ్లు తిరగలేదు. మాఘమాసం ముహూర్తాలు నెత్తిమీదికొచ్చాయి. గొర్రెలు మేపుకునే ఒక పెద్దాయన వచ్చి తెరకేసి చూసి, “ఏమప్పా, మా మనవరాలి పేరంతా డబ్బాలు డబ్బాలుగా ఉండాదే” అన్నాడు. అన్న ఆయన తెచ్చిన కాగితాన్ని తీసి బల్లమీద పక్కన పెట్టాడు.

మెకానిక్‌ను మళ్లీ పిలిపించాం.

“పాతది ఎక్కియ్యాలంటే డిస్కంతా తుడిచేయాలన్నా. ఉండేదంతా పోతాది.”

“ఏం పోయినా పోనీలేప్పా. మీ వదిన చదివినేటివి మాత్రం పోగూడదు.”

అతను తన వెంట తెచ్చిన డిస్కులోకి అవన్నీ ఎక్కించి, ఒకటి తెరిచి వినిపించాడు కూడా. వదిన గొంతు పలికాకే అన్న సరేనన్నాడు. మధ్యాహ్నానికల్లా పాత సిస్టమ్ వచ్చింది, తెర మీద తెలుగు అక్షరాలు తేరుకుని నిలబడ్డాయి. చాలా రోజులకు అన్న ముఖంలో నవ్వు చూశాను. తర్వాత ఆ డిస్కు తగిలిస్తే టిక్కుటిక్కుమంది గానీ తెరుచుకోలేదు. బెంగుళూరులో చూపించినా లాభం లేకపోయింది; కంప్యూటర్లో తుడిచిన చోట కొత్త రాత పడిపోయింది, వెనక్కి రాదన్నారు.

ఆ కబురు మోసుకొచ్చిన రోజు మెకానిక్ గడప దాటలేక బయటే నిలబడిపోయాడు. “నన్ను రెండు కొట్టన్నా” అని ఏడ్చాడు.

“నువ్వేం చేస్తావప్పా. లోపలికి రా, టీ తాగు” అన్నాడు అన్న. తర్వాత నావైపు తిరిగాడు. “పాపా, ఆ కాగితం తీసుకో. సదువు.”

ఆ గొర్రెల పెద్దాయన మనవరాలి పెళ్లిపత్రిక అది. బంధుమిత్ర సపరివారంగా అనే చోట చదవలేక ఆగిపోయాను. అన్న వేళ్లు కీబోర్డు మీదే ఆనించుకుని, తొందరపెట్టకుండా, నేను తేరుకునేదాకా కాచుకుని, “ఈడ కామా పెట్టాల్నా?” అని అడిగాడు.

ఆ తర్వాత కొన్నేళ్లు నేనే చదివాను. జనం ఫోన్లలో తెచ్చేవి ఆ పాత సిస్టమ్‌లో తెరుచుకోక, వచ్చేవాళ్లు ఒక్కొక్కరే తగ్గి, చివరికి అంగడి మూతబడింది. పోయిన ఏడు అన్న కూడా పోయాడు.

ఇప్పుడు అక్షరాలు ఎవరి ఫోన్లోనూ చెదరవు, అది మంచిదే. కానీ అప్పట్లో ఒక ఇంటి పెళ్లయినా, ఒక ఇంటి చావయినా ఎవరో ఒకరి నోట పలికాకే కాగితం మీదికి వచ్చేది. అన్న దినాల కార్డు నాకు ఫోన్లోనే వచ్చింది. అందరికీ వచ్చింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. దాన్ని ఎవరూ ఎవరికీ చదివి వినిపించలేదు.