మ్యాన్‌హోల్ మీద కూర్చున్న వదిన

ఆ ఫ్యాక్టరీలో ఆవిణ్ణి చిన్నాపెద్దా అందరూ వదిన అనే పిలుస్తారు. ట్యాంకులు కడిగే మేస్త్రి భార్య. మేస్త్రి లోపలికి దిగితే, పైన మ్యాన్‌హోల్ దగ్గర కూర్చుని ఆయన్ని కనిపెట్టుకుని ఉండటం ఆవిడ పని. "కూర్చుని తినే ఉద్యోగమంటే నీదే వదినా" అని పనివాళ్లు ఆటపట్టించేవారు. "రండి నాయనా, ఓ పూట మీరు కూర్చోండి, సరదా తీరుతుంది" అనేది ఆవిడ.

ఆ కూర్చోవడంలో ఆవిడకో పద్ధతుంది. లోపలున్న మనిషి నోరు మూయకూడదు. ఊరికే పలకమంటే ఆయన బద్ధకించి, ఊఁ అని ఒక మూలుగు మూలిగి ఊరుకునేవాడు. అందుకని ఆవిడ పోట్లాట పెట్టుకునేది. వంటింట్లో కొళాయి కారుతుంటే నీకు చెవులు లేవా అనీ, మీ అక్క పిల్లలతో దిగితే ఎక్కడ పడుకోబెట్టాలనీ, ఏదో ఒకటి. కోపమొచ్చిన మనిషి మాటకి మాట అనకుండా ఉండలేడు కదా! గంగాళంలో తల పెట్టి అరిచినట్టు లోపల్నుంచి జవాబులొచ్చేవి. ఆ తగువు వినడానికి పక్క షెడ్డువాళ్లు టీ గ్లాసులు పట్టుకుని మరీ వచ్చేవారు. మేస్త్రికి ఇంట్లోనూ సుఖం లేదు, ట్యాంకులోనూ లేదని జాలిపడేవారు. ఆయన ఇంకా ఊపిరి పీలుస్తున్నాడో లేదో ఆవిడ అలా చూసుకుంటోందని ఆ బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు.

ఆ భయం ఆవిడకి ఊరికే పట్టుకోలేదు. పెళ్లికి ముందు వేరే చోట, తోలు శుభ్రం చేసే ఫ్యాక్టరీలో, ఊడ్చే పని చేసేది. ఒకరోజు అక్కడ మురికినీటి గొయ్యి దగ్గర్నుంచి "దుప్పటి పట్రా" అని కేక వినిపించింది. పట్టుకెళ్లింది. "ఇంకోటి తే" అన్నారు. తెచ్చింది. మళ్లీ "ఇంకోటి" అన్నారు. గొయ్యిలో విషపు గాలికి మొదట పడిపోయినవాడు ఒకడే. వాడికోసం రెండోవాడు దిగాడు, ఆ ఇద్దరికోసం మూడోవాడు దిగాడు. ముగ్గురూ పొద్దున ఆవిడ ఎదురుగా నవ్వుతూ టీ తాగినవాళ్లే. ఏం జరిగినా సరే, పైనున్న మనిషి లోపలికి దిగకూడదని ఆ రోజే ఆవిడ మనసులో గట్టిగా నాటుకుపోయింది.

ఇంత జాగ్రత్తగల మనుషులు ఎక్కడ బోల్తా పడ్డారంటే, నీళ్ల ట్యాంకు దగ్గర. రసాయనాల ట్యాంకైతే నడుముకి తాడు కట్టేవారు, గాలి కొలిచే మీటరు దించేవారు, బ్లోయర్ పెట్టి మంచి గాలి తోసేవారు. నీళ్ల ట్యాంకంటే మాత్రం ఆ జట్టుకి ఆటవిడుపు. మూత తీసి, తల లోపలికి పెట్టి వాసన చూసేవారు. కంపు లేకపోతే దిగిపోవడమే. ఆ రోజు కడగాల్సింది బాయిలర్‌కి నీళ్లిచ్చే ఇనప ట్యాంకు. నీళ్లు తోడేసి, మూత బిగించి నెలల తరబడి వదిలేశారు. మేస్త్రి వాసన చూశాడు. ఆవిడా చూసింది. ఏ వాసనా లేదు. తాడు నిచ్చెనకి చుట్టుకుంటోందని ఆయన విప్పి పడేస్తే, ఆవిడ కూడా సరేనంది.

ఆయన నిచ్చెన దిగి అడుగున కాలు పెట్టాడు. ఆవిడ ఎప్పట్లాగే మొదలుపెట్టింది.

"ఏమయ్యా, మీ అక్క మళ్లీ ఫోన్ చేసింది, విన్నావా?"

"చేస్తే ఏం, మా అక్క నీకేం..."

అంతే. దబ్బుమని చప్పుడైంది. ఆవిడ పిలిచింది, తిట్టింది, ఆయన చచ్చిపోయిన నాన్నని కూడా తిట్టింది. ఉలుకూ పలుకూ లేదు. టార్చి వేసి చూస్తే ఆయన వెల్లకిలా పడున్నాడు, నోరు సగం మాటలో ఆగిపోయి ఉంది. ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. వాసన లేని, విషం లేని ఉత్త ఖాళీ ట్యాంకు నిలువెత్తు మనిషిని ఒక్క మాట వ్యవధిలో పడేసింది!

అవతల వ్యాన్‌లోంచి సామాను దించుతున్న మరిది పరుగెత్తుకొచ్చాడు. "అన్నయ్యా!" అంటూ ఒక కాలు లోపల పెట్టేశాడు కూడా. ఆవిడ చొక్కా పట్టుకుని వెనక్కి లాగి పడేసి, మ్యాన్‌హోల్‌కి అడ్డంగా చతికిలబడింది.

"లే వదినా!"

"లేవను."

"లోపలున్నది నీ మొగుడే!"

"తెలుసురా! లోపల ఒకడున్నాడు. ఇంకొకణ్ణి పంపను. పోయి బ్లోయర్ తే!"

మరిది భుజం పట్టి లాగాడు. ఆవిడ వాడి చెంప ఛెళ్లుమనిపించింది. చుట్టూ చేరినవాళ్లు గుడ్లప్పగించి చూస్తున్నారు. "రోజూ తిడుతుంటే ఏమో అనుకున్నాం, ఇంత కక్షా?" అని ఎవరో అన్నారు. ఆ మాట ఆవిడకి వినబడింది. కదల్లేదు. చివరికి మరిది ఏడుస్తూనే బ్లోయర్ తెచ్చి ఆన్ చేశాడు. గొట్టం పట్టేంత సందిచ్చి, ఆవిడ మళ్లీ అలాగే కూర్చుంది.

ఫ్యాక్టరీ ఫైర్ సిబ్బంది వీపున గాలి సిలిండర్లతో వచ్చారు. వాళ్ల పెద్దాయన, "లోపల ఎంతమంది?" అనడిగాడు.

"ఒక్కరే."

"సరిగ్గా చెప్పమ్మా, తర్వాత ఎంతమంది దిగారు?"

"ఒక్కరేనండీ!"

ఆయన నిర్ఘాంతపోయి ఆవిడ వంక చూశాడు. అన్నేళ్ల ఉద్యోగంలో ఆ జవాబు ఆయన వినలేదట. అప్పుడు గానీ ఆవిడ లేవలేదు. మేస్త్రిని పైకి తీసేసరికి పెదాలు నల్లబడిపోయాయి. ముఖానికి మాస్కు పెట్టి, గుండె నొక్కగా నొక్కగా ఒక్క దగ్గు దగ్గాడు. మూసిపెట్టిన ఇనప ట్యాంకులో పట్టే తుప్పు లోపలి ప్రాణవాయువుని తినేస్తుందని పెద్దాయన చెబుతుంటే, జట్టువాళ్లంతా వేళ్లు మడిచి లెక్క చూసుకున్నారు. నీళ్ల ట్యాంకులే కదా అని వాళ్లు ఎన్నిటిలో దిగారో!

మర్నాడు ఆసుపత్రిలో మేస్త్రికి తెలివొచ్చింది. మరిది కోపం ఆపుకోలేకపోయాడు. "నువ్వు లోపల పడుంటే, నన్ను దిగనివ్వకుండా మీద కూర్చుందన్నయ్యా!"

మేస్త్రి భార్య వైపు తిరిగాడు. "నిజమేనా?"

"నిజమే."

"నేను పోతున్నానని తెలిసి కూడానా?"

"తెలిసే."

"ఎలా కూర్చోగలిగావే?"

ఆ క్షణం దాకా ఆవిడకి ఆ ప్రశ్న తోచనే లేదు. ఇప్పుడు తోచింది. తన కింద, చీకట్లో, ఆయన. పైన తను. కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు ఆవిడ మొహంలో. మంచం పట్టె పట్టుకుంది. ఇలాంటి మనిషినా నేను అని తనని చూసి తనే హడలిపోయింది.

"నాకు తెలీదు" అంది. "కానీ మళ్లీ అయినా కూర్చుంటాను."

మేస్త్రి తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు చెంప వాచి, కోపంతో ముక్కుపుటాలు అదురుతూ, నిక్షేపంలా ఎదురుగా నిలబడి ఉన్నాడు. మేస్త్రి వాణ్ణి అలా చూస్తూ చూస్తూ భోరుమన్నాడు.