గడపాయన ఎదుటి కుర్చీ

నోటరీ సాయంత్రం రెండోసారి గడ్డం గీసుకునేవాడు. పొద్దున గీసుకున్నది కోర్టు వీధికి, ఇది టీవీకి. మధ్యాహ్నానికి మొలిచే తెల్లవెంట్రుకలు స్టూడియో దీపాల కింద బూడిద రాలినట్టు కనిపిస్తాయని మేకప్ చేసే మనిషి ఎప్పుడో అన్నాడు. అప్పటినుంచీ అది తప్పనిసరి పనైపోయింది. ఆయన బుగ్గ పొంగించి అద్దం ముందు నిలబడితే వంటగదిలోంచి భార్య అడిగేది.

"తిట్లు తినడానికి పోయే మనిషికి ఇంత సింగారం ఎందుకండీ?"

బ్లేడు పెదవి మీద ఉన్నప్పుడు చూసుకునే ఆవిడ ఇలాంటివి అడిగేది. జవాబు వచ్చే వీలుండదు మరి.

కోర్టు వీధిలో ఒక పాత మేడ, ఆ మేడ మెట్ల కింద ఒక గది, ఆ గదిలో ఒక బల్ల, సీలు, ఇంకుప్యాడ్. అదీ ఆయన వృత్తి. జనం తెచ్చిన అఫిడవిట్లు చదవడం, తన కళ్ళ ముందే సంతకం పెట్టించడం, సీలు గుద్దడం. లా చదివాడు గానీ వాదించే యోగం పట్టలేదు. జడ్జి ముందు నిలబడగానే నాలుక పిడచకట్టుకుపోయేది. అలాంటి మనిషి వారంలో ఐదు సాయంత్రాలు ఊరంతా చూస్తుండగా వాదించేవాడు. వాదన ఏనాడూ పూర్తయ్యేది కాదు. పూర్తి కానివ్వకపోవడమే అవతలివాడి ఉద్యోగం.

అవతలివాడంటే గడపాయన.

గడపాయన రేడియోలో తప్పిపోయిన వాళ్ళ ప్రకటనలు చదివే చిన్న ఉద్యోగంతో మొదలయ్యాడు. ఒకరోజు ఇల్లొదిలి పోయిన కాలేజీ పిల్ల ఆనవాళ్ళు చదివి, కాగితంలో లేని ముక్క ఒకటి చివర కలిపాడు. తండ్రి మాట చెల్లే ఇంట్లోంచి పిల్లలు గడప దాటరు అని. పైఅధికారి సంజాయిషీ అడిగేలోపే మెచ్చుకుంటూ ఫోన్లు మోగాయి. నెల తిరక్కుండానే పొద్దుటిపూట ఆయనకంటూ ఒక కార్యక్రమం పుట్టింది. పేరు 'గడప లోపల'. దాంతో ఆయన పేరే గడపాయన అయిపోయింది. బళ్ళలో బెత్తం మళ్ళీ రావాలి, పన్నులు తగ్గాలి, ఆడవాళ్ళు చీకటి పడేలోపు ఇల్లు చేరాలి, కోడలు అత్త మాట వినాలి. చెప్పేవి కొత్తవేం కాదు. గొంతు మాత్రం ఇనప్పెట్టె తలుపు మూసినట్టుండేది. ఆ గొంతుతో ఏది చెప్పినా అవుననిపించేది.

గొడవలు వెంటే వచ్చాయి. పెళ్ళికాని వాళ్ళకి ఇల్లు అద్దెకివ్వొద్దన్నాడు. సమ్మె చేసిన టీచర్లని పిల్లల ముందు గోడకుర్చీ వేయించాలన్నాడు. టీచర్లు కోర్టుకెక్కి ఓడిపోతే ఆ తీర్పుని వారం రోజులు ఊరిస్తూ ఊరిస్తూ చదివాడు. విడాకులు తీసుకున్న ఒక గాయని పాటలు తన కార్యక్రమం ముందు వేయడానికి వీల్లేదన్నాడు. ఆ దెబ్బకి సబ్బుల కంపెనీ ఒకటి ప్రకటనలు మానేసింది. యాజమాన్యం క్షమాపణ చెప్పమంటే చెప్పాడు. చెప్పిన తీరుకి మళ్ళీ ఇంకో క్షమాపణ చెప్పాల్సొచ్చింది. ఇంత జరిగినా ప్రతి గొడవకీ వినేవాళ్ళు పెరిగారే గానీ తగ్గలేదు. చివరికి టీవీ వాళ్ళు వచ్చి ఆయన్ని ఎత్తుకుపోయారు.

రేడియోలో ఒక్కడే మాట్లాడితే చెల్లింది. టీవీకి ఎదురుగా ఇంకో మొహం కావాలి. మొదటిరోజు రావాల్సిన ప్రొఫెసరుకి రైలు తప్పిపోయింది. స్టూడియో అద్దె ఒప్పందం మీద సీలు వేయడానికి వచ్చిన నోటరీ కాఫీ తాగుతూ ఆ గదిలోనే ఉన్నాడు. ప్రోగ్రాం మేనేజరు ఆయన కోటు చూసి, ఇవాళ్టికి మీరు కూర్చోండి సార్ అని బతిమాలాడు. ఆయన కూర్చున్నాడు. నోరు తెరిచి నాలుగు మాటలన్నాడో లేదో, గడపాయన అందుకున్నాడు. "ఏమయ్యా నోటరీ, నువ్వు సీళ్ళు గుద్దుకునేవాడివి. సంసారాల సంగతి నీకెందుకు?"

మర్నాడు కోర్టు వీధిలో మనుషులు ఆగి ఆయన్ని చూశారు. ఆ కుర్చీ అలా ఆయనదైపోయింది.

తొమ్మిదేళ్ళు అందులో కూర్చున్నాడు. చెదపురుగు అనిపించుకున్నాడు, నల్లి అనిపించుకున్నాడు, చెవిలో జోరీగ అనిపించుకున్నాడు. పెళ్ళాం చేతిలో రిమోట్ అనిపించుకున్నాడు. మందుల షాపువాడు ఆయన్ని చూసి వరుసలో ముందుకి పిలిచేవాడు. "నిన్న మిమ్మల్ని భలే ఉతికాడండీ" అనేవాడు, ఏదో సన్మానం జరిగిన మనిషిని పలకరించినట్టు. విరామంలో గడపాయన జేబులోంచి దగ్గుబిళ్ళ తీసి ఆయనకొకటి ఇచ్చి, తనొకటి బుగ్గన పెట్టుకునేవాడు. ఇవాళ కాస్త గట్టిగా తగిలిందా అని అడిగేవాడు. పర్లేదండి అనేవాడు ఈయన. ఊళ్ళో గడపాయనకి శత్రువులు చాలామంది ఉన్నా, అసలు శత్రువు తనేనని నోటరీ నమ్మకం. ఆ నమ్మకంతో ఆయన చాలా సుఖంగా ఉన్నాడు.

అసూయ మొదట చిన్నగానే ఉండేది. ఒకసారి ఎవరో ఆర్థికశాస్త్రం చదివినాయన వస్తే గడపాయన ఆయన్ని పట్టుకుని తోడేలు అన్నాడు. నోటరీ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. అడగ్గా అడగ్గా భార్యకి కారణం చెప్పాడు. ఇన్నేళ్ళలో తనకి పురుగులే తప్ప ఒక్క జంతువు కూడా దక్కలేదట. ఆవిడ కాసేపు మొహంలోకి చూసి, ఈసారి వెళ్ళినప్పుడు కనీసం కుక్క అనమని అడగండి అని లేచిపోయింది.

ఆ తర్వాత నర్సమ్మ వచ్చింది.

ఆవిడ నర్సుల సంఘం కార్యదర్శి. నలభై దాటిన మనిషి. డ్యూటీ దిగి నేరుగా వచ్చేది, వాచీ జేబుకి వేలాడుతూ ఉండేది, పౌడరు వద్దనేది. ఆస్పత్రుల మీద చర్చకని ఒక్కరోజు పిలిచారు. ఆ రోజు గడపాయన ఆవిడ మాటకి అడ్డుపడితే ఆవిడ ఆగిపోయింది. గొంతు పెంచలేదు, నీళ్ళు నమల్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆయన అరిచి అరిచి ఆపాక, ఎక్కడ ఆగిందో ఆ మాట దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఆయన మళ్ళీ అరిచాడు. ఆవిడ మళ్ళీ ఆగింది. అలా నాలుగుసార్లు జరిగేసరికి గడపాయన నుదుటి మీద నరం ఒకటి తాడులా లేచింది.

నోటరీ ఆ నరాన్ని అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

విరామంలో ఆయన అలవాటుగా చెయ్యి చాపాడు. దగ్గుబిళ్ళ రాలేదు. గడపాయన ఎటో చూస్తూ నీళ్ళు తాగుతున్నాడు. నీళ్ళు చొక్కా మీద ఒలుకుతున్నా చూసుకోలేదు. తన వాదనలకి ఆయన ఒక్కసారైనా నీళ్ళు ఒలకబోసుకున్నాడా అని నోటరీ గుర్తు చేసుకోబోయాడు. గుర్తుకొచ్చినవన్నీ దగ్గుబిళ్ళలే.

మరుసటి వారం ఆయన స్టూడియోకి వెళ్ళేసరికి ఎదుటి కుర్చీలో నర్సమ్మ ఉంది. ఆయన కుర్చీని పక్కకి, కెమెరాకి ఓరగా వేశారు. మేనేజరు వచ్చి, ఆవిడ ఉన్న రోజున చూసేవాళ్ళు ఎక్కువవుతున్నారు సార్, మీకు అర్థమవుతుంది కదా అన్నాడు. అర్థం కాలేదని ఎవరంటారు? ఆ వారమంతా ఆయన కుర్చీని కాలి మునివేళ్ళతో కొంచెం కొంచెం ముందుకి జరుపుకుంటూనే ఉన్నాడు. కెమెరా మనిషి వచ్చి ప్రతిసారీ వెనక్కి లాగేవాడు. ఇంటికొచ్చి ఆవిడకి వాదించడం రాదన్నాడు, వట్టి మొండితనమన్నాడు, పౌడరు రాసుకోకపోవడం కూడా ఒక వేషమేనన్నాడు. భార్య ఏదీ కాదనలేదు. కళ్ళలో అంత మంట పెట్టుకుని రోజూ అక్కడికి పోవడం దేనికని మాత్రం అడిగింది.

రాత్రి డ్యూటీల మీద చర్చ జరిగిన రోజున ఆ మాట వచ్చింది. గడపాయన వేడిమీద ఉండి, రాత్రంతా ఇల్లొదిలి పరాయి మగాళ్ళ మధ్య తిరిగే ఆడదాన్ని ఏ సంసారంలోనూ ఆడదనరు అన్నాడు. నర్సమ్మ వాచీ చూసుకుంది.

"ఈ మాట అందరూ విన్నారో లేదో. ఇంకోసారి అనండి."

గడపాయన ఇంకోసారి అన్నాడు. ఈసారి ఇంకొంచెం వివరంగా అన్నాడు. ఆవిడ మైకు విప్పి బల్లమీద పెట్టి, డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయింది.

తెల్లారేసరికి ఆ ముక్క ప్రతి ఫోన్లోనూ ఉంది. నర్సులు చానెల్ గేటు ముందు కూర్చున్నారు. సబ్బుల కంపెనీలు, సిమెంటు కంపెనీలు వెనక్కి తగ్గాయి. నోటరీ ఆ వీడియోని తన ఫోన్లో పదేపదే చూశాడు. ఆయన పక్కనే కూర్చున్నాడు, అంతా జరుగుతుంటే ముందుకి వంగాడు కూడా. వీడియో కత్తిరించినవాడు ఆయన మోచెయ్యి మాత్రం ఉంచాడు.

యాజమాన్యం కార్యక్రమం ఆపి, రిటైరైన జడ్జిగారితో ఒక విచారణ సంఘం వేసింది. సాక్షుల్లో నోటరీ ఒకడు. విచారణకి ముందురోజు గడపాయనే నోటరీ ఇంటికి ఫోన్ చేశాడు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

"నోటరీ, నువ్వు చెప్తే చాలు. ఇన్నేళ్ళు పడ్డావు, ఒక్కరోజైనా మొహం మాడ్చుకున్నావా?"

"లేదండి."

"అదే చెప్పు. ఇదంతా ఆట, అందరం ఒకింటివాళ్ళం అను. నిన్నన్నవన్నీ ఉత్తుత్తివేగా."

"మరి ఆవిడనన్నది?"

అవతల దగ్గుబిళ్ళ కొరికిన చప్పుడైంది. "ఆవిడ సంగతి వేరయ్యా. ఆవిడ మీద నాకు నిజంగానే ఒళ్ళు మండింది."

కార్యక్రమం మళ్ళీ మొదలైతే ఎదుటి కుర్చీ నీదేనని కూడా గడపాయన మాటిచ్చాడు. నర్సమ్మ ఇక రాదన్నాడు. నోటరీకి కావాల్సింది అదే. సరేనన్నాడు. కానీ ఆ రాత్రి పక్కమీద దొర్లుతుంటే కుర్చీ గుర్తుకు రాలేదు, ఉత్తుత్తివే అన్న మాట గుర్తుకొచ్చింది.

విచారణ చానెల్ ఆఫీసు పైఅంతస్తులో. జడ్జిగారు పెద్దావిడ, కళ్ళజోడు ముక్కు చివర, ఎదురుగా కాగితాలు. మొదటి ప్రశ్నకి నోటరీ అనుకున్నట్టే చెప్పాడు. అది ఆటేనండి, అందరం ఒకింటివాళ్ళం. జడ్జిగారు తలూపి కాగితం తిప్పారు. అంతా సవ్యంగా అయిపోయేదే.

"ఆ కార్యక్రమం చరిత్రలో ఇంతటి అవమానం ఇంకెవరికీ జరగలేదని నర్సుల సంఘం ఫిర్యాదులో రాశారు. నిజమేనా?" అని అడిగారు.

నోటరీ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఎవరండీ ఆ మాట రాసింది?"

అక్కణ్ణుంచి ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. జడ్జి ముందు పిడచకట్టుకుపోయే నాలుక ఆ రోజు నూనె రాసినట్టు తిరిగింది. చెదపురుగు దగ్గర మొదలుపెట్టి ఏ ఏడాది, ఏ చర్చలో, ఏ మాట పడ్డాడో వరసగా అప్పజెప్పాడు. తన తల్లి పెంపకాన్ని ఎత్తిన రోజు చెప్పాడు. తన భార్యనన్నది చెప్పాడు. సీలు గుద్దే చేత్తో అన్నం ఎలా తింటావని అడిగింది చెప్పాడు. పక్కన రాసుకునే అమ్మాయి కొంచెం నెమ్మదిగా అంటే, ఆగి, ఆ అమ్మాయి రాయడం పూర్తయ్యాక మళ్ళీ మొదలుపెట్టాడు.

"మీకు బాధ కలిగిందా?" జడ్జిగారు అడిగారు.

లేదని చెప్తే అవి తిట్లే కావు. తిట్లు కాకపోతే నర్సమ్మదే పైచెయ్యి.

"కలగకుండా ఎలా ఉంటుందండీ? ఆవిడ ఒక్కరోజు పడింది. నేను తొమ్మిదేళ్ళు పడ్డాను."

అన్నాక దాహం అడిగాడు. నీళ్ళిచ్చారు.

మొదటిసారి కేసు గెలిచినవాడిలా ఇంటికొచ్చాడు. అడిగిందీ చెప్పిందీ పూసగుచ్చినట్టు చెప్పాడు. భార్య వింటూ వింటూ గరిటె పక్కన పెట్టింది.

"అయితే ఆయన ఉద్యోగం మీరే ఊడగొట్టారన్నమాట."

అప్పుడు గాని ఆయనకి తను చేసిందేమిటో తెలియలేదు. తర్వాత అన్న మాట ఒక్కటే, నిజమే చెప్పాను కదా అని. ఆవిడ అన్నం వడ్డించింది.

గడపాయన్ని టీవీలోంచి తీసేశారు. నోరు జారడం ఒక్కరోజుది కాదు, ఏళ్ళ తరబడి అలవాటని సంఘం తేల్చింది. తేల్చడానికి ఆధారం మొత్తం నోటరీ చెప్పిందే. పేపర్లు మాత్రం నర్సమ్మ దెబ్బకి గడపాయన ఔటని రాశాయి. లోపలి పేజీలో ఎక్కడో ఒక సాక్షి అని ఉంది. నోటరీ ఆ పేపరు చదివి, నాలుగు మడతలు పెట్టి, విసిరి మూల పడేశాడు. అదే వేళకి టీవీలో కొత్త కార్యక్రమం పెట్టి నర్సమ్మని వారానికోసారి పిలిచారు. అవసరమైతే కబురు చేస్తాం సార్ అని మేనేజరు ఈయనకి చెప్పాడు. సాయంత్రపు గడ్డం ఆగిపోయింది.

రెండు నెలలకి గడపాయన రేడియోకి తిరిగొచ్చాడు. అదే 'గడప లోపల', అదే పొద్దుటి వేళ. ఎదురుగా మొహం అక్కర్లేని చోటు. మొదటిరోజు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ రేడియో పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ బెంగ ఆవిడది, తమ పేరు బయటపెడతాడేమోనని. ఈయన చెవి రేడియోకి దగ్గరగా పెట్టాడు.

నన్ను దింపిందెవరో నాకు తెలుసు అని మొదలుపెట్టాడు గడపాయన. ఇనప్పెట్టె గొంతు ఇంకా గట్టిపడింది. నోటరీ రేడియో సౌండు పెంచాడు. ఆ పని చేసింది ఆ నర్సేనని గడపాయన అన్నాడు. అక్కణ్ణుంచి నోటినిండా ఆవిడే. పాము అన్నాడు, ఆడపులి అన్నాడు. తన బతుకులో తన ముందు నిలబడిన శత్రువు ఆవిడొక్కతేనన్నాడు. ఫోన్ చేసి మాట్లాడమని నంబరు చెప్పాడు. నోటరీ ఊసు లేదు.

"బతికిపోయాం. ఆయనకి చెప్పినవాళ్ళు లేరన్నమాట," అంది భార్య.

నోటరీ లేచి ఫోన్ అందుకున్నాడు.

"ఎవరికండీ?"

"ఆయన తప్పు చెప్తున్నాడు. దింపింది ఎవరో తెలియాలి కదా," అంటూ నంబరు నొక్కాడు.

భార్య చెయ్యి పట్టుకోబోయింది గానీ అప్పటికే కలిసింది. ముందే రికార్డు చేసిన ఆడగొంతు ఒకటి నమస్కారం చెప్పి, లైన్లో వేచి ఉండమంది. ఆయన కంటే ముందు నలభై ఒక్కమంది ఉన్నారంది.