మోత బండి

ఆటోనగర్లో రెండు డీజిల్ పికప్ బండ్లు చూసి, నేనూ మా బావమరిదీ బస్సులో తిరిగి వస్తున్నాం. మా చేపల చెరువులకి మేత తోలుకోవడానికి ఏదో ఒకటి కొనాలి. మొదటిది మైలేజీ బాగా ఇస్తుంది, నడుస్తున్నట్టే తెలియదు. రెండోది రిపేర్లకి రాదు, వెనక ట్రాలీ తగిలించినా బురదలోంచి లాక్కొచ్చేస్తుంది. కాకపోతే దాని మోతకి పక్కవాడి మాట వినపడదు. ఆ మోతే మావాడికి నచ్చలేదు. గన్నవరం దాటినా మా వాదన తెగలేదు.

ముందు సీట్లో బురఖా వేసుకున్న పెద్దావిడ వెనక్కి తిరిగింది.

"మోత ఉన్నదే కొనండి బాబూ."

"అదేంటండీ?" అన్నాను.

"మా ఆయన చేపల లోడు తోలతారు. ఇంటికొచ్చే వేళంటూ ఉండదు. మా ఊరి వంతెన ఎక్కుతూ గేరు మారిస్తే వంటింట్లోకి వినపడుద్ది. అప్పుడు ఎసట్లో బియ్యం వేస్తాను. ఆయన స్నానం చేసి వచ్చేసరికి అన్నం ఉడుకుద్ది. మధ్యలో కొన్నాళ్లు చప్పుడు లేని బండి తోలారు. అన్నాళ్లూ పాపం చల్లారిన అన్నమే తిన్నారు."

హనుమాన్ జంక్షన్లో ఆవిడ సంచీ తీసుకుని దిగిపోయింది. సెల్‌ఫోన్లు ఇంకా మా దాకా రాని రోజులవి.

మేం మోత బండే కొన్నాం. లాగే బలం చూసి కొన్నామని మా బావమరిది అందరికీ చెబుతాడు. నేను కాదనను. మా కాలవ వంతెన ఎక్కేటప్పుడు మాత్రం, బండి ఖాళీగా ఉన్నా సరే, యాక్సిలరేటరు ఇంకాస్త గట్టిగా తొక్కుతాను.