ముక్కు ముందు రావాల

అమృతవల్లిని ఆమె కంప్యూటరు రోజూ పొద్దున్నే ఒకసారి బెదిరించేది. ఆన్ చేయగానే తెరనిండా నీలంగా ఏదో పరుచుకుని, విండోస్ పదికి కాలం చెల్లిందనీ, ఇకమీదట రక్షణ ఉండదనీ, కొత్తదానికి మారమనీ చెప్పేది. సరే, మారదామని నొక్కితే, ఈ కంప్యూటరు కొత్తదానికి తగదనేది. మారమనేదీ అదే, మారేందుకు వీల్లేదనేదీ అదే. "ఇట్లాంటి అత్త నాకు నిజంగా కూడా దొరకలే" అని గొణుక్కుంటూ ఆమె దాన్ని మూసేసి పనిలో పడేది.

ఆమె పని చీరల అంచులు గీయడం. మగ్గం మీద అంచులో హంసో మామిడిపిందో రావాలంటే ముందు దాన్ని ఎవరో ఒకరు గడులు గడులుగా గీయాలి. ఒక్కో వరుసకు ఒక్కో అట్ట. అట్టలో చిల్లు ఎక్కడుంటే అక్కడ దారం లేస్తుంది. అట్టలన్నీ దండలా కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీస్తే, అవి ఒకదాని వెనక ఒకటి తిరుగుతూ బొమ్మను గుడ్డలోకి దింపుతాయి. చేనేత మన సంస్కృతి అని వేదికలెక్కి కళ్ళు చెమర్చుకునేవాళ్ళకు ఈ గడుల సంగతి పట్టదు. వాళ్ళ లెక్కలో డిజైన్లు పూర్వీకుల దగ్గరినుంచి నేరుగా మగ్గం మీదికి దిగుతాయి. నిజానికి అవి తిరుత్తణిలో, కొండకు పోయే బస్సులు ఆగే చోటికి వెనక వీధిలో, మేడమీది ఒంటిగదిలో పుడతాయి. అమృతవల్లి వాటిని పెళ్ళికి ముందు నాన్న పక్కన కూర్చుని గ్రాఫు కాగితం మీద గీసింది. తర్వాత కోయంబత్తూరు కంపెనీ ఒకటి అమ్మిన సాఫ్ట్‌వేరుతో కంప్యూటరు మీద గీసింది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. సాఫ్ట్‌వేరు మాత్రం కంప్యూటరు వెనక గుచ్చిన చిన్న తాళపుచెవి లాంటి దాన్ని పట్టుకుని, ఎవరి దయా లేకుండా ఇన్నేళ్ళు నడిచింది.

ఇప్పుడు ఆమె బతుకంతా సుందరరాజ్ మీద నిలబడి ఉంది. అమ్మయార్‌కుప్పంలో మగ్గాలు నడిపిస్తాడు, వరసకు తమ్ముడు. మిగతా మగ్గాలవాళ్ళు ఒక్కొక్కరే ఆరణిలో డిజైన్లు చేసే సెంటరుకు మారిపోయారు. అక్కడైతే ఫోనులో ఫోటో పంపితే చాలు, సాయంత్రానికి డిజైను వస్తుంది. సుందరరాజ్ ఒక్కడే మిగిలాడు. పోయిన నెల అతను వెంగల్‌లో భూములున్న ఒక ఇంటి పెళ్ళి ఆర్డరు తెచ్చాడు. పెళ్ళికూతురికీ, దగ్గరి ఆడవాళ్ళకూ పట్టుచీరలు, అన్నిటికీ నెమళ్ళ అంచు.

"ఇది బాగొస్తే ఆ పక్క పెళ్ళిళ్ళన్నీ మనకే అక్కా," అన్నాడు. "తేడా వస్తే మాత్రం నన్ను తప్పుగా అనుకోవద్దు. నేను కూడా ఆరణికే పోవాల."

"పో, ఎవురు వద్దన్న్యారు," అందామె. అన్నదేగానీ ఆ పూట అన్నం సయించలేదు.

సరిగ్గా అదే వారంలో ఎదురువీధి ఫోటో స్టూడియో కంప్యూటరులోకి ఏదో వైరసు దూరి, ఉన్న పెళ్ళి ఫోటోలన్నిటికీ తాళం వేసేసింది. స్టూడియో అతను వీధిలో నిలబడి ఏడ్చాడు. అమృతవల్లి తన గదిలోకొచ్చి, నీలంగా పరుచుకున్న బెదిరింపును మొదటిసారి ఆఖరుదాకా చదివింది. మర్నాడు కంప్యూటరు పెట్టెను పాత చీరలో మూటగట్టి, చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, తిరువళ్ళూరుకు లోకల్ రైలెక్కింది.

తిరువళ్ళూరులో మురళీధరన్ కంప్యూటర్లు బాగుచేస్తాడు. బాగుచేయడంకంటే బోధ చేయడం అతనికి ఇష్టం. లినక్స్ అనే మాట అతని నోట దేవుడి పేరులా వస్తుంది.

"విండోస్ అంటే అద్దె ఇల్లు అక్కా. వాడు పొమ్మంటే పోవాల. లినక్స్ అంటే సొంత ఇల్లు. ఫ్రీ. వైరస్ కిట్టవే రాదు, దగ్గరికి కూడా."

"నా సాఫ్ట్‌వేరు నడుస్తాదా దాంట్లో?"

"దానికి ఒక దారి ఉండాది. కవలై పడద్దు."

"నువ్వు దిగులు పడద్దంటే నాకు ఇంకా ఎక్కువైతాది సామీ. నడుస్తాదా, నడవదా?"

"నడుస్తాదక్కా!"

నడిచింది, కుంటుతూ. పాత బొమ్మలన్నీ తెరుచుకున్నాయి, గీయడానికీ వీలైంది. కానీ వెనక గుచ్చిన తాళపుచెవిని లినక్స్ గుర్తుపట్టలేదు. అది లేకుండా అట్టలకు చిల్లులు కొట్టే మిషనుకు పంపాల్సిన ఫైలు తయారుకాదు. అప్పటికే పాత విండోస్‌ను మురళీధరన్ తుడిచిపారేశాడు. రెండూ పక్కపక్కనే ఉంచుకోవచ్చని అతనికి తర్వాత గుర్తొచ్చింది. స్వేచ్ఛ గురించి అంతసేపు మాట్లాడిన మనిషి ఆ ఒక్క స్వేచ్ఛను మర్చిపోయాడు.

చివరికి ఇంకొక ఉచిత సాఫ్ట్‌వేరు వెతికి ఎక్కించాడు. పాతదాంట్లో గీసిన నెమలిని బొమ్మగా బయటికి తీసి, కొత్తదాంట్లో పెడితే, అట్టల ఫైలు అది చేసి ఇస్తుంది. "రెండు మెట్లు, అంతే" అన్నాడు. ఇంటికొచ్చాక చూస్తే ఆ రెండు మెట్ల మధ్య చాలా గుంతలున్నాయి. పెన్ డ్రైవ్ కనిపించలేదు. ప్రింటరు ఖాళీ కాగితాలు కక్కింది. ఏ చిన్న పనికైనా పాస్‌వర్డు అడిగేది, కొడుతుంటే చుక్కలు కూడా కనిపించేవి కావు. కొట్టానో లేదో తెలియక ఆమె రెండుసార్లు కొట్టేది, అది రెండుసార్లూ తప్పనేది. మురళీధరన్‌కు ఫోన్ చేస్తే ఒక వీడియో చూడమన్నాడు. వీడియోలో ఎవరో కుర్రాడు ఇంగ్లీషులో నవ్వుతూ, ఇది చాలా సులువు అన్నాడు.

ఎలాగో ఫైలు తయారైంది. బజారులో అట్టలు కొట్టే షాపులో ఇచ్చింది. అట్టలు కుట్టించి సుందరరాజ్‌కు బస్సులో పంపింది. ఆ సాయంత్రం పడుకున్నది పడుకున్నట్టే నిద్రపోయింది.

కొన్నాళ్ళకు సుందరరాజ్ ఫోన్ చేశాడు. అప్పుడామె నేల మీద కూర్చుని, ప్రింటరు తీగ పీకి, గుచ్చి, మళ్ళీ పీకుతోంది.

"అక్కా, కొంగు అయిపోయింది, చీర ఒంట్లో అంచు ఎత్తుకున్న్యా. నెమలికి తోక ముందు వస్తా ఉండాది. ఎప్పుడూ ముక్కు కదా ముందు రావాల?"

ఆ వైపు పట్టుచీర కొంగుతో మొదలవుతుంది. అంచులో నెమళ్ళు ఎప్పుడూ కొంగువైపే చూడాలి. కట్టుకున్న మనిషి భుజం దిక్కుకు అవన్నీ నడుస్తున్నట్టుండాలి. కాబట్టి మగ్గం మీద ముందు ముక్కు పుట్టాలి, తర్వాత మెడ, ఆఖరున తోక. ఇది ఆ ఊళ్ళలో మగ్గం ఎక్కిన ప్రతివాడికీ తెలుసు, అమృతవల్లికి పుట్టుకతో తెలుసు. కొందరు ఎప్పుడైనా కొంగును ఆఖరుకు పెట్టుకుంటారు, అప్పుడు తోకే ముందు. సుందరరాజ్ కొంగు అయిపోయిందన్న మాట ఆమె చెవిలో పడలేదు. వీడూ కొంగును ఆఖరుకు పెట్టుకుని, అట్టల దండను వెనక్కి తిప్పుకుని, ఇప్పుడు నన్ను అడుగుతున్నాడనుకుంది.

"అట్టలు సరిగ్గానే ఉండాయి," అంది. "ఇన్నేళ్ళుగా చేస్తా ఉండా, నాకు చెప్తావా? నువ్వు నెయ్యి సామీ, నా పానం తీయొద్దు."

"కోపమెందుకక్కా, అడిగితిని అంతే. పెళ్ళివాళ్ళు అట్ల అడిగినారేమో అనుకున్న్యా."

"అదే అనుకో," అని పెట్టేసింది.

ఆ తోకల సంగతి పెళ్ళివాళ్ళ కంట్లో పడలేదని రాస్తే కథ హాయిగా ముగిసేది. వాళ్ళ కంట్లో పడింది, అదీ మొదటి చూపులోనే. మొదటి చీర మగ్గం దిగిన రోజు సుందరరాజ్ ఫోన్ చేసి, "ఒకసారి వచ్చిపో అక్కా" అన్నాడు. గొంతులో అక్కా అన్నమాట మామూలుగానే ఉంది, మిగతాది లేదు.

ఆమె పోయేసరికి అతని ఇంటి నడవలో పెళ్ళికూతురి మేనత్త పచ్చయమ్మ చీరను ఒళ్ళో పరుచుకుని కూర్చుని ఉంది.

"నువ్వేనామ్మా గీసింది?" అంది పచ్చయమ్మ. "బొమ్మ బాగుండాది. కానీ ఇవన్నీ కొంగు దిక్కు వీపు పెట్టి యాడికి పోతా ఉండాయి? పిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు కట్టుకునే చీర. చూసినోళ్ళు ఏమంటారు, నెమళ్ళు కూడా వద్దని ఎనక్కి తిరిగినాయంటారు."

అమృతవల్లి అంచు పట్టుకుని చూసింది. ప్రతి నెమలీ ఆమె గీసిందే. ప్రతి నెమలీ తప్పు దిక్కుకు చూస్తోంది.

"రెండో చీరకు అట్టల దండను ఎనక్కి తిప్పుకున్న్యా," అన్నాడు సుందరరాజ్. "ముక్కే ముందు వస్తా ఉండాది. ముహూర్తానికి అయిపోతాదిలే. ఆ పొద్దు ఒక మాట చెప్పి ఉంటే ఆ పొద్దే తిప్పుకుందును."

అమృతవల్లి సాఫ్ట్‌వేరు తప్పు అందామనుకుంది. కానీ ఫోనులో విసుక్కున్నది సాఫ్ట్‌వేరు కాదు.

"ఆ చీర నాకు ఇయ్యి," అంది. "అది నాది."

రెండు రోజుల తర్వాత ఆ చీరే కట్టుకుని, కంప్యూటరు పెట్టెను మళ్ళీ మూటగట్టుకుని తిరువళ్ళూరుకు పోయింది.

"చీర సూపరక్కా!" అన్నాడు మురళీధరన్. "లినక్స్ ఎట్ల ఉండాది?"

ఆమె అంచు ఎత్తి చూపించింది. "నెమళ్ళు ఎటు చూస్తా ఉండాయి?"

"ఎటు చూస్తే ఏమక్కా? నెమళ్ళే కదా."

"నీ తలకాయ. ముందు ఆ కంప్యూటరు ముందర కూర్చో."

కూర్చున్నాడు, చూశాడు, సంగతి బయటపడింది. పాత సాఫ్ట్‌వేరు బొమ్మను అడుగు వరుసనుంచి అట్టలు చేసేది. ఆమె నెమలి ముక్కు అడుగున గీసేది. కొత్తది పై వరుసనుంచి మొదలుపెడుతుంది, అంటే తోకనుంచి. ఒక మూల చిన్న గడి ఉంది. అందులో టిక్కు పెడితే అడుగునుంచి వస్తుంది. అతను టిక్కు పెట్టాడు. అంతే పని.

"ఇది ముందే చెప్పి ఉండచ్చు కదరా!"

"ముక్కు ముందు రావాలని నువ్వు ముందే చెప్పలేదు కదక్కా."

నిజమే, చెప్పలేదు. చెప్పాలని ఆమెకే తెలియదు. ఏ వరుసనుంచి మొదలుపెట్టాలనే సంగతి పాత సాఫ్ట్‌వేరు ఇన్నేళ్ళూ చప్పుడు చేయకుండా చూసుకుంది. అది పోయేదాకా అలాంటి పని ఒకటుందని కూడా ఆమె గమనించలేదు. కొత్తదానికి మారండని చెప్పేవాళ్ళు పోయేవాటి జాబితా ఇస్తారు. ఎవరికీ తెలియకుండా పోయేవాటిని ఏ జాబితాలో వెతకాలి? మురళీధరన్ మీద కోపం పోలేదు. పోగొట్టుకోవాలని ఆమె ప్రయత్నించనూ లేదు.

తిరుగు రైల్లోనే సుందరరాజ్‌కు ఫోన్ చేసింది.

"ఆరణికి పోతావా?"

అవతల మగ్గం చప్పుడు వినిపిస్తోంది.

"పోనులే. కానీ ఇంక కొత్త అట్టలు ఎత్తుకున్నప్పుడంతా జానెడు నేసి ఆపుతా. నువ్వొచ్చి చూసి సరే అంటేనే మిగతాది."

"ప్రతిసారీ రావాలనా? అంత దూరం?"

"ఫోన్‌లో నీకు ఇనిపించదు కదక్కా."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. ఒళ్ళో కొంగు గాలికి లేచి, నెమళ్ళు వీపు చూపించాయి. ఒకప్పుడు పాత సాఫ్ట్‌వేరు చప్పుడు లేకుండా చేసిన పనికి ఇకమీదట తాను బస్సెక్కాలి. ఎండలో, గుంతల రోడ్డు మీద, చీర చీరకూ.

"వస్తాలే," అంది. "టీ అయినా పోయిస్తావా?"

"ముందు నెమళ్ళు చూడు. తర్వాత టీ."